చందవ్వ బోనెక్కిన రోజు

చందవ్వ ఆ పూట బోనెక్కాలి. ఎక్కకపోతే బతకదు. ఈ సంగతి బాలనర్సయ్యకు తెలుసు, డాక్టర్ జయంతికి తెలుసు, గేటు దగ్గర లారీ నిలబెట్టుకుని తంబాకు నలుపుకుంటున్న డ్రైవర్ రాజయ్యకూ తెలుసు. తెలియంది ఒక్క చందవ్వకే. ఆమె వేపచెట్టు కింద వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాలికి వదిలేసి, కడుపు నిండినవాళ్లు నిద్రపోయే తీరుగా నిద్రపోతోంది.

అక్కడే వచ్చింది చిక్కంతా. ఆమె కడుపు నిండి ఉండకూడదు.

చందవ్వ ఆడపులి. సర్కస్ వాళ్లు పెట్టిన పేరు చాందిని. ఆ పేరు నోరు తిరగక కాదు, నచ్చక, బాలనర్సయ్య చందవ్వ అన్నాడు. సర్కస్సుల్లో పులుల్ని ఆడించకూడదని చట్టం వచ్చి ఏళ్లు గడిచినా, చట్టం కంటపడని జాతరల్లో దొంగచాటుగా ఆడిస్తున్న ఒక చిన్న కంపెనీ నుంచి ఆమెను విడిపించి తెచ్చారు. అలా విడిపించిన పులులకూ సింహాలకూ ఖాజాగూడ చెరువు అవతల, బండరాళ్ల నడుమ, ఒక ధర్మసంస్థ ఆశ్రమం కట్టింది. ఒకప్పుడు అక్కడ పొద్దున్నే సింహాలు గర్జిస్తే ఊళ్లో కుక్కలు మంచాల కింద దూరేవి. అన్నీ ముసలితనంలో వచ్చినవే కాబట్టి ఒక్కొక్కటే రాలిపోయాయి. చివరికి చందవ్వ మిగిలింది, ఆమెకు కాపలాగా బాలనర్సయ్య మిగిలాడు.

చుట్టూ మాత్రం అద్దాల మేడలు లేచాయి. పైన ఆఫీసుల్లో కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడే పిల్లలకు కిందికి చూస్తే పులి కనపడుతుంది. కొత్తలో ఎగబడి ఫోటోలు తీసుకున్నారు. తర్వాత వాళ్ల మీటింగులు వాళ్లవి, పులి నిద్ర పులిది.

ఇప్పుడు ఆశ్రమం ప్రహరీని ఆనుకునే ఇంకో మేడకు పునాది తవ్వుతున్నారు. ఖాజాగూడ నేల అంటే మట్టి కాదు, రాయి. రాయిని పేల్చాలి. పోయిన వారం పేల్చినప్పుడు చందవ్వ రాత్రి పడుకునే గది గోడ నిలువునా నెర్రె ఇచ్చింది. ఆ మోతకు ఆమె బెదిరి ఇనుప జాలీకి నెత్తి కొట్టుకుంది, నుదురు చిట్లి కళ్లలోకి రక్తం కారింది. రెండు రోజులు నీళ్లు కూడా ముట్టలేదు. రేపు పేల్చబోయేది సరిగ్గా ఆ గోడ పక్కన ఉన్న పెద్ద గుండు. గోడ కూలితే ఆమె దాని కిందన్నా పడుతుంది, లేదా బయటపడి రోడ్డెక్కుతుంది. రోడ్డెక్కిన పులిని ఎవరూ బతకనివ్వరు. ఎన్నోసార్లు బతిమాలి పేలుడు వాయిదా వేయించారు, ఇంకో వాయిదా కుదరదన్నారు అవతలివాళ్లు. ఆశ్రమం జాగా కౌలు కూడా తీరిపోయింది. దూరంగా అడవి అంచున ఇంకో ఆశ్రమం ఆమె కోసం సిద్ధంగా ఉంది. ఆఫీసులు వదిలే వేళకు ముందే లారీ కదిలిపోవాలి. ఆ తర్వాత అయితే ఖాజాగూడ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దాకా బండికి బండి అంటుకుని ఉంటుంది, ఆ హారన్ల మధ్య ముసలి పులిని నిలబెట్టడం అంటే చంపడమే.

బాలనర్సయ్యది ఆ ఊరే. ఆశ్రమం గోడలు లేవకముందు ఆ బండల మీద మేకలు కాసిన ఇల్లు వాళ్లది. తాత ముత్తాతలు చిరుతపులి పేరు చెబితే ఉమ్మేసేవారు, మనవడేమో పులికి మాంసం కొట్టే ఉద్యోగం చేస్తున్నాడు. మేకలకు మేత పోయాక ఆయన కొన్నాళ్లు కూలికి పోయాడు, కొన్నాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పార్కింగులో సెక్యూరిటీ గార్డు చేశాడు. నోట్లో విజిలు, చేతిలో కర్ర. కార్లను వెనక్కి రమ్మనడానికి ఒక ఈల, ముందుకు పొమ్మనడానికి ఒక ఈల. సాయంత్రానికి బుగ్గలు నొప్పి పుట్టేవి. భార్య నీలమ్మ అదే కంపెనీలో హౌస్‌కీపింగ్. ఆమె ఇప్పటికీ అక్కడే ఉంది. ఈయన మాత్రం ఆశ్రమంలో మనిషి కావాలంటే వచ్చి చేరాడు, మనుషుల కార్ల కన్నా పులుల బోన్లు మేలని.

చేరిన కొత్తలోనే చందవ్వ వచ్చింది. ఆ రోజు ఆయన మరిచిపోయేది కాదు. వ్యాను తలుపు తీస్తే ఆమె బయటికి రాదు. మూలకు నక్కి గుర్రుమంటోంది. మాంసం చూపించారు, నీళ్లు చూపించారు, బతిమాలారు. పొద్దు వాలిపోతోంది. ఆఖరికి పోలీసులు పట్టి తెచ్చిన, పులిని ఆడించే సర్కస్ మేస్త్రినే ముందుకు నెట్టారు, నువ్వే దింపు అని. వాడు కర్రతో చెక్క మీద టకటకా రెండు దెబ్బలు కొట్టి, విజిలు తీసి పొడుగ్గా ఒక్క ఊదు ఊదాడు. అంతే. అంత పెద్ద జంతువు కడుపు నేలకు ఆనించి పాకుతూ బయటికి వచ్చింది. వచ్చిన దారంతా తడి. భయంతో ఉచ్చ పోసుకుంది.

"లోపలికి పొమ్మన్నా గిదే ఈల, బైటికి రమ్మన్నా గిదే ఈల. ఇనకపోతే ఏమైతదో దానికి ఎర్కే," అని నవ్వాడు మేస్త్రి.

బాలనర్సయ్యకు ఆ నవ్వు చూసి చెయ్యి దురద పెట్టింది. పోలీసులు ఉన్నారు కాబట్టి ఊరుకున్నాడు. మర్నాడే పార్కింగు ఉద్యోగం నాటి తన విజిలు తీసుకెళ్లి ఖాజాగూడ చెరువులో విసిరేశాడు. ఆశ్రమంలో కర్ర పట్టుకుని ఎవరూ తిరగొద్దన్నాడు, విజిలు ఊదొద్దన్నాడు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గరికి కూడా వెళ్లి దండం పెట్టి, జర విజిలు బంద్ పెట్టన్నా అని ఒప్పించాడు. వాచ్‌మన్ మొదట ఎగతాళి చేశాడు. పులి వచ్చి ఆ అపార్ట్‌మెంట్ వైపు గోడ దగ్గర పడుకోవడం మొదలుపెట్టాక, వాడే ఆమెకు గుడ్ మార్నింగ్ చెప్పేవాడు.

అంత నమ్మకం కలగడానికి ఏళ్లు పట్టింది. మొదట్లో ఆయన బకెట్ చప్పుడుకే ఆమె మూలకు పోయేది. ఇప్పుడు ఆయన జాలీ అవతల కూర్చుని సద్ది విప్పితే, ఇవతలికి వచ్చి వీపు ఆనించి పడుకుంటుంది. ఆయన ఇంటి సంగతులు చెబుతాడు, ఆమె వింటుందో లేదో గాని చెవి మాత్రం ఇటు తిప్పి పెడుతుంది. పిల్లలు లేని ఇల్లు వాళ్లది. నీలమ్మ కూడా సెలవు రోజున వచ్చి "ఏమే పిల్లా, తిన్నవా?" అని పలకరించి పోతుంది. పులిని పిల్లా అని పిలిచే ధైర్యం ఆ ఐటీ కారిడార్ మొత్తంలో నీలమ్మకే ఉంది.

బోను సంగతి నెల కిందటే మొదలైంది. లారీలో ఎక్కించే, ఒక కొసన కటకటాలున్న చెక్క బోనును తెచ్చి ఆమె దొడ్డి తలుపుకు ఆనించి పెట్టారు. రోజూ మాంసం అందులోనే పెట్టడం, ఆమె తనంతట తాను లోపలికి వెళ్లేలా అలవాటు చేయడం. ఒకరోజు వెనక తలుపు దించేస్తే పని అయిపోయినట్టే. డాక్టర్ జయంతిది ఆ ఉపాయం, బాలనర్సయ్యది ఓపిక. చందవ్వ తల పెట్టింది, ముందుకాళ్లు పెట్టింది, చివరికి వెనకకాళ్లు కూడా పెట్టసాగింది. అయితే మాంసం దొరకగానే నోట కరుచుకుని ఒక్క ఉదుటున వెనక్కి వచ్చేస్తుంది. కొంచెం ఆకలి మీద ఉంటే లోపలే కూర్చుని తింటుంది. అందుకని జయంతి ముందు రోజు మరీ మరీ చెప్పి వెళ్లింది.

"నరసయ్య గారూ, ఇవాళ దానికి ఏమీ పెట్టకండి. నీళ్లు మాత్రమేనండి. రేపు ఆకలి మీద ఉంటేనే మనకు పని అవుతుంది."

"గట్లనే అమ్మా," అన్నాడు బాలనర్సయ్య.

అన్న మాట మీదే ఉండేవాడు. సాయంత్రం నీలమ్మ వచ్చింది. రేపు చందవ్వ వెళ్లిపోతుందని చూడడానికి వచ్చింది. చేతిలో పసుపు కుంకుమ పొట్లం కూడా ఉంది, అది జాలీకి బొట్టు పెట్టడానికి. బొట్టు పెట్టి, ఖాళీ తొట్టి వంక చూసింది.

"ఏం పెట్టలేదా పిల్లకు?"

"పెట్టొద్దన్నది డాక్టరమ్మ."

నీలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆడివిల్లను ఇంట్లకెళ్లి సాగనంపేటప్పుడు ఉత్త కడుపుతోని పంపుతరా? నీ చెల్లెను గట్లనే పంపినవా? కోడిని కోసి పెట్టి, ఒళ్లె బియ్యం పోసి పంపలేదా? ఇది మల్ల మనింటికి వస్తదా?"

బాలనర్సయ్య మనసులో ఉన్నదే భార్య నోట వచ్చింది. ఇద్దరూ కలిసి కొత్తగూడ దాకా పోయి రెండు నాటుకోళ్లు తెచ్చారు, మేక కాలేయం తెచ్చారు. చందవ్వ కూర్చుని కమ్మగా తిన్నది, మూతి నాక్కున్నది. నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ప్రేమకు కళ్లుండవంటారు, ఆ సాయంత్రం దానికి బుద్ధి కూడా లేదు.

పులి ఎంత ఆకలేసినా గడ్డి తినదని సామెత ఉంది. కడుపు నిండిన పులి మాంసం వంక కూడా చూడదని ఎవరూ సామెత కట్టలేదు, కట్టి ఉంటే బాలనర్సయ్యకు పనికొచ్చేది.

ఇప్పుడు బోనులో మేకమాంసం పెట్టి, తలుపు తాడు చేతికి చుట్టుకుని నిలబడ్డాడాయన. చందవ్వ ఒక కన్ను తెరిచి చూసింది. మూసుకుంది. జయంతి దూరంగా నిలబడి గడియారం చూసుకుంటోంది.

"చందవ్వా, రా బిడ్డా. రా తల్లీ." చందవ్వ తోక కొస ఒకసారి ఆడింది, అంతే. మాంసం మార్చారు. కోడి రక్తం చల్లారు. ఆమెకు ఇష్టమైన పాత గోనెసంచి తెచ్చి లోపల పరిచారు. బోను అవతలి కొసన బాలనర్సయ్య తానే వెళ్లి కూర్చుని, రోజూలాగా సద్ది విప్పి, కటకటాలకు వీపు ఆనించాడు. చందవ్వ లేచింది. అందరి ప్రాణాలూ లేచాయి. ఆమె ఒళ్లు విరుచుకుని, బోను గడప దాకా వచ్చి, తలపెట్టి వాసన చూసి, ఆవలించి, మళ్లీ వేపచెట్టు కిందికి వెళ్లిపోయింది.

"ఆకలి లేదు దానికి," అంది జయంతి. ఆమె కాకినాడ మనిషి, గొంతు పెంచదు, ఎప్పుడూ అండీ అనే మాట్లాడుతుంది. అప్పుడు కూడా పెంచలేదు. "నరసయ్య గారూ, నిన్న ఏమైనా పెట్టారా?"

అబద్ధమాడితే సరిపోయేది. ఆయన వల్ల కాలేదు. "పెట్టినమ్మా. రెండు కోళ్లు, కాలేయం. ఇంట్లకెళ్లి పోయే బిడ్డని... ఉత్త కడుపుతోని..."

జయంతి చేతులతో ముఖం కప్పుకుంది. కాసేపటికి తీసింది. "నెల రోజుల కష్టమండి," అంది. "తిట్టడానికి కూడా టైము లేదు. ఏం చేద్దామో చెప్పండి."

ఆమె దగ్గర ఉన్నది ఒకటే దారి, మత్తు సూది. దాన్ని ఆమె మొదటి నుంచీ వద్దంటూనే ఉంది. చందవ్వకు పద్దెనిమిదేళ్లు దాటి ఉంటాయి, మూత్రపిండాలు సగం పనిచేయడం లేదు, నడుం కీళ్లు అరిగిపోయాయి. నిండు కడుపు మీద సూది వేస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. "వేస్తే పడుకుంటుంది. లేస్తుందని మాటివ్వలేనండి. నా అనుమానం, లేవదు," అంది. పెట్టె తెరిచి సూది మందు బయటికి తీసింది.

పక్క సైటులో రేపటి పేలుడు కోసం డ్రిల్లు మొదలైంది. నేల అదిరింది. చందవ్వ దిగ్గున లేచి, చెవులు వెనక్కి వాల్చి, గోడ పొడవునా అటూ ఇటూ తిరగసాగింది. నుదుటి గాయం మళ్లీ పచ్చిగా మెరుస్తోంది. రాజయ్య లారీ దగ్గర నుంచి అరిచాడు.

"అన్నా, ఇంకో గంటైతే రోడ్డు జామైతది. నాది కాదు పూచీ!"

జయంతి మందు సిరంజిలోకి ఎక్కించింది. బాలనర్సయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగమ్మా. ఇంకో దారున్నది."

ఆయన అప్పటిదాకా ఆ దారి వంక చూడకుండా చుట్టూ తిరుగుతున్నాడు. జయంతికీ అది తెలుసు, చాలా కిందట ఆయనే చెప్పాడు కర్ర సంగతి, ఈల సంగతి. ఆమె ముఖం చూస్తే అర్థమైంది, తనకూ పొద్దుటి నుంచి అదే తడుతోందని.

"నేను అడగనండి," అంది నెమ్మదిగా. "అది మీరు తేల్చుకోవాల్సిందే. వద్దంటే సూదే వేస్తాను."

సూది వేస్తే తప్పు మందుది అవుతుంది, ముసలితనానిది అవుతుంది. ఈల వేస్తే తప్పు తనది అవుతుంది. సూదితో చస్తే నమ్మకంతో చస్తుంది, ఈలతో బతికితే ఆ నమ్మకం లేకుండా బతుకుతుంది. బాలనర్సయ్యకు ఒక్క క్షణం సూదే నయమనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బతకడం ఆమెకు కావాలి, మంచివాడినన్న పేరు తనకు కావాలి, అంతే కదా తేడా అనుకున్నాడు. గేటు దాటి పక్క అపార్ట్‌మెంటుకు పరుగెత్తాడు.

అక్కడి వాచ్‌మన్‌ను విజిలు అడిగితే వాడు నోరు తెరిచాడు. "నువ్వే కదనే మా విజిళ్లన్ని బంద్ పెట్టించినవ్!"

"ఇయ్యరాదే. కర్ర గూడ."

తిరిగి వచ్చేసరికి జయంతి తాడు పట్టుకుని బోను మీదికి ఎక్కి నిలబడి ఉంది. డ్రిల్లు ఆపించింది. పునాది మీద పనిచేసే కూలీలు పని ఆగిపోయిందని గోడ ఎక్కి చూస్తున్నారు. చందవ్వ వేపచెట్టు దగ్గర నిలబడి బాలనర్సయ్యను చూసింది. మొదట ఆయన ముఖం చూసింది. తర్వాత చేతిలో కర్ర చూసింది.

ఆయన బోను చెక్క మీద రెండు దెబ్బలు కొట్టాడు. విజిలు నోట్లో పెట్టుకున్నాడు. నోరు ఎండిపోయి మొదట గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి ఊదితే పొడుగ్గా, పార్కింగులో ఊదినంత గట్టిగా మోగింది.

చందవ్వ నేలకు కుంగిపోయింది. ఏళ్లయినా ఏదీ మరవలేదు ఆ ఒళ్లు. చెవులు తలకు అంటిపెట్టుకుని, కడుపు మట్టికి రాస్తూ, నడుం నొప్పికి వెనకకాళ్లు ఈడ్చుకుంటూ, సూటిగా బోనులోకి పాకింది. జాలీకి అవతల, ఆయన పక్క నుంచే పోయింది. తల ఎత్తి చూడలేదు. జయంతి తాడు వదిలింది, తలుపు ధన్‌మని పడింది. రాజయ్య గడియ బిగించాడు.

అయిపోయింది. బాలనర్సయ్య కర్ర పారేశాడు. బోను పక్కనే నేల మీద కూర్చున్నాడు.

బోనులో చందవ్వ మెల్లగా ఇటు తిరిగింది. కటకటాల అవతల మనుషులు. గోడ మీద వరసగా మనుషులు, అందరూ తనకేసే చూస్తున్నారు. ఆమె వెనకకాళ్ల మీద కూర్చుంది. నడుం నిటారుగా నిలిపింది. కుడి ముందుకాలు పైకెత్తి, తలకు పక్కగా పట్టి, కదలకుండా నిలబెట్టింది.

"అరె, సలాం కొడుతున్నది చూడు!" అన్నారెవరో గోడ మీద. కూలీలంతా సంబరపడి చప్పట్లు కొట్టారు.

బాలనర్సయ్యకు ఒళ్లు మండిపోయింది. లేచి గోడ మీదికి మట్టిపెడ్డ విసిరాడు. "ఏందిరా గది! తమాషా అనుకున్నరా? సప్పుడు జేస్తే బొక్కలిరగ్గొడ్త! బంద్ జెయ్యుండ్రి!"

చప్పట్లు టక్కున ఆగిపోయాయి. సగం దిగిన చందవ్వ కాలు మళ్లీ పైకి లేచింది.

అది జయంతి చూసింది, ఆయన చూడలేదు. ఆయన బోను దగ్గరికి వచ్చి "దింపు బిడ్డా, ఐపోయింది, దింపు," అంటున్నాడు. ఆమె దింపలేదు. ఆయన వంక కూడా చూడడం లేదు, ఎదురుగా శూన్యంలోకి చూస్తోంది. అరిగిన నడుం మీద అంత బరువు నిలబెట్టినందుకు వెనకకాళ్లు వణకడం మొదలైంది. ఆ వణుకు పొట్టలోకి ఎక్కింది. నోరు తెరిచి రొప్పుతోంది. అయినా కాలు దించదు.

"ఎక్కువసేపు అలా ఉంటే నడుం విరుగుతుంది," అంది జయంతి. "ఈ స్థితిలో బోను లారీలోకి ఎక్కించలేం. ఒక్క కుదుపుకు పడిపోతుంది. దింపే మాట ఏదైనా ఉంటుందేమో, సర్కస్ వాడు చెప్పలేదా?"

"చెప్పలేదమ్మా. ఎక్కేది దిగేది ఒక్కటే చూసిన. గీ కాలు సంగతి నేనెరుగ." ఆయన గొంతు పిల్లవాడి గొంతులా పలికింది. సగం తెలిసిన మంత్రం వేశాడు, విప్పే సగం తెలియదు. విజిలు మళ్లీ ఊదుదామా అన్నాడు రాజయ్య. వద్దన్నాడు బాలనర్సయ్య, ఇంకేం చేయిస్తుందో ఏమో. మాంసం చూపారు. నీళ్లు చల్లారు. బతిమాలారు. కాలు అలాగే ఉంది, దాని కొసన గోళ్లు బయటికి వచ్చి ఆడుతున్నాయి.

"నరసయ్య గారూ," అంది జయంతి. "వాళ్లు చప్పట్లు కొట్టినప్పుడు అది కాలు దించబోయిందండి. నేను చూశాను. మీరు అరవగానే మళ్లీ ఎత్తింది."

ఆయనకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. దింపడానికి మాట లేదు. ఎప్పుడూ ఉండి ఉండదు. గుడారంలో జనం చప్పట్లు కొట్టేదాకా అలా నిలబడాలి, కొట్టాక దించాలి. కొట్టకముందు దించితే ఏమైతదో దానికి ఎర్కే. ఈ చప్పట్లు వినపడని చోటును ఆమెకు ఇవ్వాలనే కదా ఇన్నాళ్లూ తాను ఇక్కడ ఉన్నది.

బాలనర్సయ్య రెండు చేతులూ ఎత్తాడు. అవి ఒకదానికొకటి తగలడానికి మొరాయించాయి. బలవంతాన కొట్టాడు. ఒకటి, ఇంకొకటి. చందవ్వ చెవి కదిలింది, కాలు దిగలేదు. ఒక్కడి చప్పట్లు ఆమెకు చాలలేదు.

ఆయన గోడ వైపు తిరిగాడు. ఇందాక తిట్టిన నోటితోనే అడిగాడు. "అన్నలారా, తప్పైంది. కొట్టుండ్రి. సప్పట్లు కొట్టుండ్రి. గట్టిగ కొట్టుండ్రి!"

కూలీలు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. పిచ్చోడయ్యాడనుకున్నారు. జయంతి కొట్టడం మొదలుపెట్టింది. రాజయ్య తంబాకు ఉమ్మేసి కొట్టాడు. విజిలు ఇచ్చిన వాచ్‌మన్ కొట్టాడు. అప్పుడు గోడ మీద వాళ్లంతా అందుకున్నారు. సిమెంటు చేతులు, ఇనుము మోసిన చేతులు, ఆ బండల మధ్య పెద్ద వానలా మోగాయి. పై అంతస్తుల్లో కిటికీల దగ్గరికి కొత్త ముఖాలు వచ్చాయి. బాలనర్సయ్య ఏడుస్తూ కొడుతున్నాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా, మస్తు చేసినవ్," అంటున్నాడు. ఆ మాట అంటున్నందుకు ఆయనకు సిగ్గు ముంచుకొస్తోంది.

చందవ్వ కాలు దించింది. మెల్లగా పక్కకు ఒరిగి, గోనెసంచి మీద తల వాల్చింది.

బోనును పైకి ఎక్కించాక లారీ కదిలింది. జయంతి ముందు కూర్చుంది, బాలనర్సయ్య వెనక బోను పక్కన కూర్చున్నాడు. ఇంకా రోడ్డు జామ్ కాలేదు, బాగానే పోతున్నారు. మొదటి జంక్షన్ దగ్గర సిగ్నల్ పడింది. ఎర్ర లైటు దాటబోయిన ఒక బైకును ఆపడానికి హోంగార్డు విజిలు ఊదాడు.

బోనులో కదలిక వినపడింది. ఆయన తిరిగి చూసేసరికి చందవ్వ లేచి కూర్చుని, తూలుతూ, కాలు ఎత్తి పట్టుకుని ఉంది.

ఆయన చప్పట్లు కొట్టాడు. కిటికీలోంచి తల బయటపెట్టిన జయంతి చూసి, తనూ కొట్టింది. చాలలేదు. బాలనర్సయ్య లారీ మీద లేచి నిలబడి, పక్కన ఆగిన వాళ్లందర్నీ బతిమాలాడు. మెడలో కంపెనీ బిళ్లలు వేలాడేసుకున్న పిల్లలు, ఆటోవాళ్లు, ఒక నీళ్ల ట్యాంకరు డ్రైవరు. ఎందుకో ఎవరికీ తెలియదు. కొందరు ఫోన్లు తీశారు. కొందరు నవ్వుతూ కొట్టారు. ఆయనకు నవ్వులతో పని లేదు, చప్పుడు కావాలి. కాలు దిగింది, పచ్చ లైటు పడింది. తర్వాతి జంక్షన్‌లో మళ్లీ అదే. ఔటర్ ఎక్కేదాకా అదే. ఎక్కాక ఈలలు లేవు, చందవ్వ నిద్రపోయింది.

పొద్దుగూకే వేళకు అడవి అంచున ఆశ్రమానికి చేరారు. బోను తలుపు ఎత్తితే ఆమె తనంతట తానే దిగి, చుట్టూ వాసన చూసి, దూరంగా ఒక పొద వెనక్కి వెళ్లి పడుకుంది. బతికింది. జయంతి నాడి చూసినంత తృప్తిగా ఊపిరి పీల్చుకుంది. బాలనర్సయ్య జాలీ దగ్గర కూర్చుని పిలిచాడు. చెవి ఇటు తిరగలేదు.

అక్కడి కాపలా మనిషి వెంకటరమణ వచ్చి పక్కన కూర్చున్నాడు. రేపటి నుంచి చందవ్వ బాధ్యత ఆయనదే. "దీని అలవాట్లేంటో చెప్పండి," అన్నాడు.

ఏం తింటుందో చెప్పాడు బాలనర్సయ్య. ఏ వైపు పడుకుంటుందో, ఏ కాలు నొప్పో చెప్పాడు. విజిలు ఊదొద్దని, కర్ర పట్టొద్దని చెప్పాడు. చెప్పి, వాచిన తన అరచేతుల వంక కాసేపు చూసుకున్నాడు.

"ఒకేళ యాడనన్న ఈల ఇనవడి కాలెత్తిందనుకో," అన్నాడు, "ఉన్నోళ్లందర్ని పిలువు. అందరు సప్పట్లు కొట్టుండ్రి. కాలు దించేదాక ఆపకుండ్రి."